ఓరుగల్లు కీళ్లు: నొప్పి ఒకటే, జబ్బులు వేరు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ ఇంట్లో అడిగినా కీళ్ల నొప్పుల ముచ్చట ఒకటి ఉంటుంది. పత్తి ఏరే కూలీ తల్లి, కొత్తవాడలో మగ్గం తొక్కే నేత కార్మికుడు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ, పింఛను మీద బతుకుతున్న రైల్వే ఉద్యోగి... అందరూ దాదాపు ఒకే మాట చెప్తారు: "చిప్పలు అరిగినయి, గుజ్జు అయిపోయింది." అందరికీ దొరికే మందూ దాదాపు ఒకటే. ఒక సూది, నాలుగు గోలీలు, పైన పూసుకోవడానికి ఒక ఆయింట్‌మెంట్. వారం రోజులు సుఖం, తరువాత మళ్లీ మొదటికే.

ఇక్కడ నొప్పి మిగలడమే కాదు, విలువైన సమయం కూడా పోతోంది. ఏ జబ్బు వల్ల నొప్పి వస్తోందో తేల్చుకోకుండా నెలలు గడిపేయడం వల్ల కొన్ని కీళ్లు తిరిగి బాగుపడని స్థితికి చేరుతున్నాయి. గత ఎనభై ఏళ్లలో వైద్యశాస్త్రం తెలుసుకున్న విషయాలు ఏమిటి, అందులో మన వాడకట్టు దాకా వచ్చినవి ఎన్ని, రానివి ఎన్ని? ఈ సమీక్ష చూసేది అదే.

ఏ నొప్పి ఏ జబ్బుది?

కీళ్ల నొప్పి వెనుక వందకు పైగా జబ్బులు ఉండొచ్చని వైద్య గ్రంథాలు చెప్తాయి. మన దగ్గర తరచూ కనిపించేవి మాత్రం కొన్నే.

అన్నిటికన్నా ఎక్కువమందిలో ఉండేది ఆస్టియో ఆర్థరైటిస్, జనం అరుగుదల అనుకునేది. నలభై, యాభై దాటాక, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువగా, ముఖ్యంగా మోకాళ్లలో వస్తుంది. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే తెరపి. పొద్దున లేవగానే కీళ్లు పట్టేసినా అరగంట లోపే వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 52.8 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారు. అందులో 36.5 కోట్ల మందికి బాధ మోకాళ్లలోనే. మన దేశంలో అయిదు ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో, నలభై దాటినవాళ్లలో 28.7 శాతం మందికి మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్నట్టు తేలింది.

రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అసలు కీళ్లవాతం. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం దీని మూలం. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులోనూ రావచ్చు. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఒకేసారి వాస్తాయి. పొద్దున గంటకు పైగా వేళ్లు ముడవడానికి రావు, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, రొట్టె పిండి పిసకడం కష్టమవుతుంది. పని చేస్తుంటే కొంత వదులవుతుంది, విశ్రాంతి తీసుకుంటే బిగుస్తుంది. అరుగుదల నొప్పి తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఈ ఒక్క తేడా గమనించగలిగితే సగం రోగనిర్ధారణ ఇంట్లోనే అయిపోతుంది.

ఇక గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, దాని స్ఫటికాలు కీలులో చేరడం వల్ల వస్తుంది. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత మంట పుడుతుంది. పాతికేళ్ల కుర్రాడు తెల్లవారుజామున నడుం నొప్పితో మేల్కొని, అటూ ఇటూ తిరిగితే గానీ వదలడం లేదంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనుమానించాలి. జ్వరంతో పాటు ఒక్క కీలు వేడిగా వాచి కదపలేకపోతే అది చీము కావచ్చు. ఆ కీలు కొన్ని రోజుల్లోనే పాడైపోతుంది కాబట్టి అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

రక్తపరీక్షలు ఈ నిర్ధారణకు తోడు మాత్రమే. "ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్" అని కాగితం మీద వస్తే కీళ్లవాతం వచ్చిందని కొందరు కుంగిపోతారు. జబ్బు లేనివాళ్లలోనూ కొద్దిమందికి అది పాజిటివ్ వస్తుంది, జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి నెగెటివ్ వస్తుంది. ఎక్స్‌రే సంగతీ అంతే. అరుగుదల బాగా కనిపించినా నొప్పి లేనివాళ్లున్నారు, నొప్పి విపరీతంగా ఉన్నా ఎక్స్‌రే మామూలుగా ఉన్నవాళ్లున్నారు. కాగితం కన్నా ముందు మనిషిని పరీక్షించాలి.

మన నేల, మన పని

తెలుగు నేలకు కీళ్ల నొప్పుల సొంత చరిత్ర ఉంది. అందులో పాత అధ్యాయం ఫ్లోరైడ్ నీళ్లది. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు మీద 1937లో వెలువడిన తొలి భారతీయ నివేదికల్లో ఒకటి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు ప్రాంతాల గురించే. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరోసిస్ ఉన్న పల్లెల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చారు. నల్లగొండ పేరు ఈ జబ్బుకు గుర్తుగా మిగిలింది గానీ, ఉమ్మడి వరంగల్‌లోనూ కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువే. ఫ్లోరోసిస్ మొదట్లో వట్టి కీళ్ల నొప్పిగా, నడుం పట్టుగా కనిపించి కీళ్లవాతాన్ని తలపిస్తుంది. దీనికి మందు బిళ్లలో లేదు, నీళ్లు మార్చడంలోనే ఉంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్లను ఆ కోణంలో కూడా చూడాలి. ఇంటికి నల్లా వచ్చినా పొలం దగ్గర బోరు నీళ్లే తాగితే ముప్పు తీరదు.

కొత్త అధ్యాయం చికున్‌గున్యా. మూడు దశాబ్దాలకు పైగా కనిపించకుండా పోయిన ఈ జ్వరం 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తి, 2006లో దేశమంతటా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులకు కారణమైంది. జ్వరం వారంలో పోతుంది, కీళ్ల నొప్పులు కొందరిని నెలలు, కొందరిని ఏళ్లు వదలవు. వానాకాలం జ్వరం తరువాత మొదలైన కీళ్ల వాపులు మూడు నెలలు దాటినా తగ్గకపోతే, చికున్‌గున్యా మిగిల్చినవా, కొత్తగా వచ్చిన కీళ్లవాతమా అని తేల్చుకోవడం అవసరం. పగలు కుట్టే ఏడిస్ దోమ, పెరట్లో నీళ్లు నిలిచిన తొట్లు కూడా కీళ్ల ఆరోగ్యంలో భాగమేనని ఆ రెండేళ్లు నేర్పాయి.

మూడోది పని. వంగి నాట్లు వేయడం, గొంతుక్కూర్చుని కలుపు తీయడం, గంటల తరబడి కింద కూర్చుని బీడీలు చుట్టడం, బరువులు ఎత్తడం... మోకాలి మీద ఒత్తిడి పెట్టే పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల్లో, హమాలీల వీపుల మీద ఉంది. బీజింగ్ నగరంలో పెద్ద వయసు ఆడవాళ్లను, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఆడవాళ్లతో పోల్చిన పరిశోధనలో, చైనా ఆడవాళ్లకు మోకాలి అరుగుదల ఎక్కువగా, తుంటి అరుగుదల చాలా తక్కువగా కనిపించింది. యవ్వనంలో రోజూ ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవాళ్లకు మోకాళ్ల జబ్బు ముప్పు పెరిగిందని తరువాతి పరిశీలన చెప్పింది. మన జీవనం బీజింగ్‌కే దగ్గర. అలాగని కింద కూర్చోవడమే నేరమనలేం. నొప్పి మొదలైనవాళ్లు పీట ఎత్తు పెంచుకోవడం, కమోడ్ వాడటం, అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం చాలు.

అరుగుదల: కదిలితేనే మేలు

మోకాలు ఎడ్లబండి ఇరుసు కాదు, తిరిగిన కొద్దీ అరిగిపోవడానికి. అది ప్రాణమున్న కండ, ఎముక, మృదులాస్థి కలిసిన అవయవం. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, కదలికతోనే దానికి పోషణ అందుతుంది. అందుకే "నడవకండి, మెట్లెక్కకండి, మంచం మీద ఉండండి" అనే సలహా చాలా మోకాళ్లను త్వరగా పాడు చేసింది. తొడ ముందు కండరం బలహీనపడితే బరువంతా కీలు మీదే పడుతుంది.

ప్రపంచవ్యాప్తంగా వైద్య సంఘాలన్నీ ఏకాభిప్రాయంతో ముందు పెట్టే చికిత్స వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాలు చాచి కొన్ని క్షణాలు బిగించి దించడం, వెల్లకిలా పడుకుని నిటారుగా కాలు ఎత్తడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, సాఫీ నేల మీద నడక, సైకిల్. మొదటి రెండు వారాలు కొంచెం నొప్పి పెరిగినట్టనిపించినా, పట్టుదలతో రెండు మూడు నెలలు చేసినవాళ్లకు నొప్పి మాత్రలతో సమానమైన ఉపశమనం దొరుకుతుంది, కడుపుకూ కిడ్నీకీ ముప్పు లేకుండా.

రెండోది బరువు. శరీరం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో ఒక అమెరికా పరిశోధన కొలిచి చూపింది. పదేళ్ల కాలంలో సుమారు అయిదు కిలోలు తగ్గిన ఆడవాళ్లలో మోకాలి అరుగుదల ముప్పు సగానికి పైగా తగ్గిందని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 1992లో తేల్చింది. మూడు పూటలా అన్నమే తినే మన ఇళ్లల్లో ఒక పూట జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర వైపు మళ్లడం ఈ లెక్కతో చూస్తే మోకాలికి మందే.

మార్కెట్లో అమ్ముడుపోతున్నవాటి సంగతి వేరు. గుజ్జు ఇంజెక్షన్లను అందరికీ మామూలుగా వాడొద్దని అమెరికా రుమటాలజీ, ఎముకల వైద్యుల సంఘాలు సూచించాయి. గ్లూకోజమైన్ బిళ్లల మీద 1,583 మందితో జరిపి 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద ఉత్తుత్తి బిళ్లను మించిన ఫలితం కనిపించలేదు. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ కూడా 2021లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో ఉప్పునీటి సూదిని మించలేదు. అరిగిన మోకాలిని దుర్భిణితో లోపల "శుభ్రం" చేసే ఆపరేషన్ గురించి 2002లో హ్యూస్టన్‌లో జరిగిన పరీక్ష ఇంకా గట్టి తీర్పు చెప్పింది. 180 మందిలో కొందరికి నిజంగా ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద కోత పెట్టి ఊరుకున్నారు. రెండేళ్లు గడిచినా రెండు వర్గాల నొప్పిలో తేడా లేదు. వేల రూపాయలు పెట్టి కొంటున్నవాటిలో చాలా భాగానికి రుజువు బలహీనం, రూపాయి ఖర్చు లేని వ్యాయామానికి రుజువు బలం. మన దగ్గర వాడకం మాత్రం దీనికి తలకిందులుగా ఉంది.

కీళ్లవాతం: ఒక తెలుగువాడి మందు

1948 ప్రపంచ కీళ్లవాత చరిత్రలో మలుపు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక కీళ్లవాత రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. మంచం దిగలేని మనిషి రోజుల్లో లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ అద్భుతం అసలు ధర బయటపడింది: ఎముకలు గుల్లబారడం, చక్కెర జబ్బు, ఇన్‌ఫెక్షన్లు.

అదే కాలంలో, భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చాయి. మొదట వాటి పని పిల్లల రక్త క్యాన్సర్ మీద. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్ కీళ్లవాతాన్నీ అణచగలదని గమనించాడు. స్టెరాయిడ్ హోరులో ఆ పరిశీలన మరుగున పడిపోయింది. పెద్ద పరీక్షలన్నీ ముగిసి అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఆమోదించేసరికి 1988 వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలోనైనా కీళ్లవాత చికిత్స మొదలయ్యేది సాధారణంగా దానితోనే. ధర కూడా సామాన్యుడికి అందేదే.

ఒక తెలుగువాడి ప్రయోగశాల ఇచ్చిన మందు ప్రపంచమంతా మొదటి వరసలో ఉంటే, తెలుగు పల్లెలో చాలామందికి మొదట అందేది స్టెరాయిడే. రెండింటి తేడా రోగికి తెలియాలి. స్టెరాయిడ్ నొప్పిని, వాపును గంటల్లో దించుతుంది. డాక్టరు పర్యవేక్షణలో, తక్కువ మోతాదులో, కొద్ది వారాలకు అది పనికొచ్చే మందే. ఒంటిగా, ఏళ్ల తరబడి వాడితే కీలు లోపల కొరుక్కుపోవడాన్ని ఆపలేక ఒంటిని గుల్ల చేస్తుంది. మెథోట్రెక్సేట్ నిదానం. పని తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది గానీ, జబ్బు నడకనే మారుస్తుంది.

దీని వాడకంలో ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. "సోమవారం మాత్ర" అనో "ఆదివారం మాత్ర" అనో ఇంట్లో ఒక రోజు ఖాయం చేసుకోవాలి. తోడుగా ఫోలిక్ యాసిడ్ ఉండాలి. రక్తం, కాలేయం పరీక్షలు ఎప్పటికప్పుడు చేయించుకోవాలి, కల్లు, మద్యం మానాలి. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. దీనికి లొంగనివాళ్లకు 1998 నుంచి వచ్చిన బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. మన దగ్గర క్షయ ఎక్కువ కాబట్టి అవి మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

మందు ఏదైనా, వేళ ముఖ్యం. వాపు మొదలైన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో చికిత్స అందితే వేళ్లు వంకరపోవడాన్ని చాలావరకు ఆపవచ్చు. కీళ్లవాత నిపుణులు ఎక్కువగా ఉన్నది హైదరాబాద్‌లో, వరంగల్ నుంచి సుమారు 145 కిలోమీటర్ల దూరంలో. అందుకే మొదటి అనుమానం రావాల్సింది పీహెచ్‌సీ డాక్టరుకు, పల్లె దవాఖానాకు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధమైన ఎంజీఎం ఆసుపత్రి, రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఇది. ఈ అవగాహన పల్లె దాకా పంపే శక్తి ఈ ఊరికి ఉంది.

గౌట్: ఆపగలిగిన నొప్పి

గౌట్ మీద క్లుప్తంగా చెప్పొచ్చు, ఎందుకంటే దీని చికిత్సలో వివాదం తక్కువ. నొప్పి లేచినప్పుడు దాన్ని దించే మందు వేరు, మళ్లీ లేవకుండా చేసే మందు వేరు. అల్లోప్యూరినాల్ లాంటి మందుతో యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరు రక్తంలో 6 మిల్లీగ్రాముల లోపు నిలబెడితే స్ఫటికాలు క్రమంగా కరుగుతాయి. నొప్పి పోయింది కదా అని మందు మానేయడమే మనవాళ్లు చేసే తప్పు. బీరు, కార్జం, బోటి, భేజా తగ్గించుకోవాలి. పప్పులు పూర్తిగా మానాల్సిన పని లేదు. రక్తంలో యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువ కనిపించినంత మాత్రాన, నొప్పి లేనివాళ్లు మందు వాడనవసరం లేదు.

సూదులు, పొడులు, తైలాలు

పల్లెలో వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీ దగ్గరికే ఎందుకు పోతారని నిందించడం తేలిక. కూలి పోకుండా, అప్పు మీద, ఇంటికొచ్చి చూసేది ఆయనే. కానీ డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది, దానికి తోడు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన వైద్యం నెలనెలా సాగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం, తుంటి ఎముక తల చచ్చిపోవడం దాకా పోతుంది. మొహం గుండ్రంగా ఉబ్బడం, తొడల మీద చారలు స్టెరాయిడ్ గుర్తులు. ఇలాంటివాళ్లు ఒక్కసారిగా మందు మానేయకూడదు, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

ఇంటి వైద్యంలో మేలు చేసేవీ ఉన్నాయి. వావిలాకు కాపడం, నువ్వుల నూనె మర్దనా కండరాల బిగువు వదిలిస్తాయి. మాధవ నిదానం ఆమవాతాన్ని విడి జబ్బుగా వర్ణించింది, అంటే కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావని మన పాత వైద్యులకూ తెలుసు. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఆయుర్వేదం కావాలనుకునేవాళ్లు చదువుకున్న వైద్యుడి దగ్గరికి పోవాలి. అసలు భయం పేరు, లేబులు లేని పొడులతో. "మూడు రోజుల్లో నడిపిస్తాం" అనే పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం దేశంలో పలుమార్లు బయటపడింది. మూలిక ఏదీ అంత వేగంగా పనిచేయదు, వేగమే అనుమానించాల్సిన గుర్తు.

మోకాలి మార్పిడి

వ్యాయామం, బరువు, మందులు అన్నీ అయ్యాక కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇంట్లో నాలుగు అడుగులు వేయలేని స్థితి ఉంటే మార్పిడి ఆపరేషన్ మంచి మార్గమే. పాతికేళ్ల తరువాత కూడా కృత్రిమ మోకాళ్లలో దాదాపు 82 శాతం పనిచేస్తున్నాయని 2019లో ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పరికరాల ధరలకు పరిమితి పెట్టినప్పుడు, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం మోకాలు సగటున లక్షన్నరకు పైగా ఉన్న ధర నుంచి 54,720 రూపాయలకు దిగింది. ఆపరేషన్ బిల్లులో పరికరం ధర విడిగా చూపమని అడిగే హక్కు రోగికి ఉంది.

హైదరాబాద్ నిమ్స్ అసలు మొదలైందే నిజాం ఎముకల ఆసుపత్రిగా. ఎముకలకు ఒక పెద్దాసుపత్రి కట్టాలని అరవై ఏళ్ల కిందటే తోచిన రాష్ట్రంలో, ప్రతి నియోజకవర్గంలో ఒక ప్రభుత్వ ఫిజియోథెరపిస్టు ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు. ఆపరేషన్ల కన్నా ఆ ఒక్క నియామకం ఎక్కువ మోకాళ్లను కాపాడుతుంది.

తేలిందేమిటి

ఈ మొత్తం చూస్తే తీర్పు స్పష్టం. కీళ్ల నొప్పుల్లో మన ప్రధాన లోపం మందు లేకపోవడం కాదు, జబ్బు తేల్చకుండా మందు వాడటం. పనిచేసేవి చవకగా ఉన్నాయి: తొడ కండరాలకు రోజూ అరగంట, అయిదు కిలోల బరువు తగ్గింపు, మంచి నీళ్లు, దోమల కట్టడి, బీడీ, చుట్ట మానేయడం, కీళ్లవాతానికి వేళకు వారం మాత్ర. పొగాకు కీళ్లవాతం ముప్పును పెంచుతుందన్న సంగతి మన దగ్గర ఇంకా సరిగ్గా ప్రచారం కాలేదు.

కాబట్టి చదువుతున్నవాళ్లకు ఒక మనవి. మీకో, మీ ఇంట్లో అమ్మకో అత్తకో చేతి కణుపులు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుంటూ ఆరు వారాలు దాటిందంటే ఇంకో సూదికి పోకండి. ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరుకో, కీళ్లవాత నిపుణుడికో చూపించండి. వెళ్లినచోట నొప్పి తగ్గించమని అడిగే ముందు రెండు ప్రశ్నలు వేయండి: ఇది ఏ జబ్బు? మీరిస్తున్న మందులో స్టెరాయిడ్ ఉందా? జవాబు చీటీ మీద రాయించుకుని ఇంటికి రండి.